ఆ గ్రౌండ్ ఎవరిది?

తెల్లవారుజామున ఐదున్నరకి మా ఊరి మున్సిపల్ గ్రౌండ్‌కి వెళ్తే ముందుగా కనపడేది సున్నం డబ్బా. ఒక పెద్దాయన రెండు మేకుల మధ్య తాడు బిగించి, దాని వెంబడే వంగి నడుస్తూ, డబ్బా అడుగున పొడిచిన చిల్లుల్లోంచి సున్నం రాలుస్తూ కబడ్డీ కోర్టు గీస్తుంటాడు. ఆరింటికి పిల్లలొస్తారు. ఏడున్నరకల్లా గీతలు చెరిగిపోతాయి. మర్నాడు మళ్లీ గీస్తాడు. ఆయన మున్సిపాలిటీ ఉద్యోగి కాడు, పక్క వీధిలో కిరాణా కొట్టు నడుపుతాడు. అదే ప్రహరీకి అవతల రాత్రి పదింటిదాకా ఫ్లడ్‌లైట్ల కింద బాక్స్ క్రికెట్ నడుస్తుంది. గేటు దగ్గర ఒక కుర్రాడు ఫోన్లో స్లాట్లు చూసుకుంటూ డబ్బు వచ్చిందో లేదో సరిచూస్తుంటాడు.

ఒక గోడకి ఇటు ప్రభుత్వ స్థలం, దాన్ని నిలబెడుతున్న స్వచ్ఛంద శ్రమ. అటు వ్యాపారం. ఆటల్లో బతుకుతెరువు వెతుక్కునే వాళ్లు మొదట చూడాల్సింది ఈ తేడానే. ఇంటర్ అయిపోయిన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఆటల్లో ఉద్యోగం అంటే పీఈటీ ఒక్కటేనా?" వాళ్ల లెక్కలో ఒకవైపు ఒలింపిక్స్, ఇంకోవైపు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ) పోస్టు. నడుమ ఏమీ లేదు. నిజానికి కొలువులు ఎక్కువగా ఉన్నది ఆ నడుమే. అయితే ఏ కోర్సు చేయాలి అనేకంటే ముందు తేల్చుకోవాల్సింది, నేను నిలబడబోయే గ్రౌండ్ ఎవరిది, నా జీతం ఎవరి జేబులోంచి వస్తుంది అని.

ప్రభుత్వం వైపు దారి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. వ్యాయామ విద్యలో ఇంటర్ తర్వాత డీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ, రెండూ రెండేళ్ల కోర్సులే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రవేశం పీఈసెట్ ద్వారా. రాతపరీక్ష ఉండదు, పరుగు, గుండు విసరడం, దూకడం లాంటి దేహదార్ఢ్య పరీక్షలు, ఒక ఆటలో నైపుణ్య పరీక్ష పెడతారు. చేతులూపుకుంటూ వెళ్లి దొర్లిపోయే వాళ్లను ఏటా చూస్తున్నాను, కనీసం ఆరు నెలలు ఒళ్లు వంచి సాధన చేయండి. కోర్సయ్యాక బడుల్లో పోస్టులకు ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ రాయాలి. కోచ్ కావాలనుకుంటే పటియాలాలో మహారాజు పాత ప్యాలెస్‌లో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ ఉంది. అక్కడి డిప్లొమాని మనవాళ్లు 'ఎన్ఐఎస్' అంటారు. ఆ మూడు అక్షరాలకు దేశంలో ఏ స్టేడియంలోనైనా విలువుంది. ఒక్క మాట మాత్రం ముందే తెలిసి ఉండాలి: ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ (శాప్)లోనైనా, తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థలోనైనా కోచ్‌ల కొలువులు చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంటాయి. సర్కారు నౌకరీ అనగానే పెన్షన్ గుర్తొచ్చే ఇళ్లలో ఈ సంగతి ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

ప్రైవేటు వైపు సంగతి కాస్త లోతుగా చూద్దాం. జిమ్ములు, గంటల లెక్కన అద్దెకిచ్చే గడ్డి మైదానాలు (టర్ఫులు), ఈతకొలనులు, బ్యాడ్మింటన్ అకాడమీలు, అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లు, ఇంటర్నేషనల్ స్కూళ్లు... హైదరాబాద్, విజయవాడ, విశాఖలోనే కాదు, జిల్లా కేంద్రాల్లో కూడా వచ్చేశాయి. టర్ఫు యజమాని బాధేమిటో తెలుసా? సాయంత్రం ఆరు నుంచి పదింటిదాకా, శని ఆదివారాల్లో స్లాట్లు వాటంతటవే నిండుతాయి. మిగతా రోజంతా గడ్డి ఎండలో పడుంటుంది, అద్దె మాత్రం ఇరవై నాలుగ్గంటలకూ కట్టాలి. కాబట్టి అక్కడ ఆట బాగా ఆడేవాడి కంటే ఖాళీ గంటల్ని నింపేవాడే పైకొస్తాడు. పొద్దున పది గంటలకు ఆడవాళ్ల బ్యాచ్ మొదలుపెట్టగలరా? గ్రౌండ్ లేని పక్క బడితో మాట్లాడి వారానికి మూడు పీరియడ్లు ఇక్కడికి తేగలరా? ఐటీ కంపెనీల మధ్య టోర్నీ నడపగలరా? ఈ పని తెలిసిన కోచ్ రెండేళ్లలో మేనేజర్ అవుతాడు. అమ్మాయిలకైతే ఇంకో సంగతి చెప్పాలి. ఆడపిల్లల ఈత బ్యాచ్‌కు మహిళా కోచ్ ఉన్నారా అని తల్లిదండ్రులు అడుగుతారు, చాలాచోట్ల లేరు అన్నదే జవాబు. రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ వాళ్ల లైఫ్‌గార్డ్ శిక్షణ పొంది, ప్రథమ చికిత్స నేర్చుకుని వెళ్లిన అమ్మాయికి పని వెతుక్కోవాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. కోచ్‌గా నేను మొదట చేరింది ఒక ప్రైవేటు అకాడమీలో. నియామక పత్రం అడగలేదు, నమ్మకం మీద చేరిపోయాను. మూడు నెలల తర్వాత ఒక రోజు పొద్దున వెళ్లేసరికి గేటుకి తాళం. నా జీతమూ పోయింది, పిల్లలు ఏడాదికి ముందే కట్టిన ఫీజులూ పోయాయి. డబ్బు కంటే ఆ పిల్లల ముఖాలే ఇప్పటికీ గుర్తొస్తాయి, షూ లేసులు కట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. అందుకే ఎక్కడ చేరినా జీతం, పనిగంటలు, సెలవులు రాసిచ్చిన కాగితం చేతిలోకి వచ్చాకే విజిల్ మెడలో వేసుకోండి.

ఇక మూడోది, అందరూ తేలిగ్గా చూసేది, నేను మాత్రం మొదటి మెట్టుగా చెప్పేది: స్వచ్ఛంద రంగం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న చిన్న వ్యాయామశాలలో పిల్లలకు బరువులెత్తడం నేర్పకపోతే, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కాంస్యం ఉండేది కాదు. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ అలాంటి పల్లె తాలింఖానా నుంచి వచ్చింది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) కరువు నేల మీద స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. పల్లె పిల్లలు ఫుట్‌బాల్, హాకీ, జూడో నేర్చుకున్న ఆ ప్రాంగణంలోనే 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. ఇలాంటి సంస్థలకు కోచ్‌లే కాదు, పిల్లల హాజరు, ఆహారం, చదువు చూసేవాళ్లు, దాతలకు నివేదికలు రాసేవాళ్లు కావాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, గ్రామీణ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. తెలుగులో పిల్లలతో మాట్లాడి, ఇంగ్లిష్‌లో ఒక పేజీ నివేదిక రాయగల వ్యాయామ విద్య పట్టభద్రుడు ఈ రంగానికి బంగారం. ఊళ్లో యువజన సంఘం ఉంటే దాన్ని రిజిస్టర్ చేయించండి; మన సొసైటీల చట్టానికి ఏడుగురు సభ్యులు చాలు. సంఘం పేరిట బ్యాంకు ఖాతా ఉంటేనే విరాళం అడిగే ముఖం ఉంటుంది.

ఈ మూడూ వేర్వేరు గదులేమీ కావు. పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీనే తీసుకోండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఆటగాడికి ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు లీజుకిచ్చింది. కట్టడానికి చాలక ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ విరాళమిచ్చారు. 2008లో తలుపులు తెరుచుకున్నాయి. సర్కారు నేల, దాత సొమ్ము, ఒక మనిషి పట్టుదల కలిస్తేనే సైనా, సింధు ఆడిన కోర్టు తయారైంది. ఖేలో ఇండియా కేంద్రాలూ ఇలాగే, పాత క్రీడాకారుడి నిర్వహణకు ప్రభుత్వం సాయం అందిస్తుంది. కాబట్టి ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోటికి మారడం ఇక్కడ మామూలే.

ఈ వారమే మీ ఊళ్లో ఒక గ్రౌండ్‌కి వెళ్లి ఒక పూట కూర్చోండి. గేటు తాళం ఎవరి దగ్గరుంది, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, వలలు చిరిగితే ఎవరు కొంటున్నారు, ఆడపిల్లలు ఏ వేళకు వస్తున్నారు, అసలు వస్తున్నారా అన్నది నోట్‌బుక్‌లో రాసుకోండి. తెలంగాణలో జిల్లా యువజన క్రీడాధికారి, ఆంధ్రలో జిల్లా క్రీడాభివృద్ధి అధికారి కార్యాలయానికి వెళ్లి వేసవి శిక్షణ శిబిరాల్లో సాయపడతామని మార్చిలోనే దరఖాస్తు ఇవ్వండి. ఏప్రిల్ వచ్చాక వెళ్తే పేర్లు అప్పటికే రాసేసి ఉంటారు. ఆ లోపు తెల్లవారుజామున గ్రౌండ్‌లో తాడు బిగించే పెద్దాయన ఉంటే వెళ్లి రెండో మేకు పట్టుకోండి. మగవాళ్ల కోర్టు పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. కొలత ఆయనే చెప్తాడు.