ఎక్కడ పడినది?

చదువవలసిన లేఖన భాగము: 2 రాజులు 6:1-7



ఈ నెల పాఠమునకు ఏడు వచనములు మాత్రమే తీసికొనుచున్నాను. ఆదివార పాఠశాల పిల్లలకు ఈ కథ మిక్కిలి యిష్టము. ఇనుము నీళ్లమీద తేలినది గదా! పెద్దలమైన మనము దీనిని త్వరగా దాటిపోవుదుము. దీనికి ముందు 5వ అధ్యాయములో సిరియా సైన్యాధిపతియైన నయమాను కుష్ఠు పోవుట యున్నది. దీని తరువాత సిరియా దండు దోతానును చుట్టుకొనుటయు, షోమ్రోను ముట్టడియు, ఆ ఘోరమైన కరవును ఉన్నవి. రాజులు, రథములు, వెండి బంగారములు. వాటి నడుమ నొక గొడ్డలి.

నేనును నా పరిచర్యలో ఈ భాగముమీద మూడు సారులు ప్రసంగించితిని. మూడు సారులును ఎలీషా నీటిలో వేసిన కొమ్మను గూర్చియే చెప్పితిని. రెండవ శతాబ్దపు సంఘ పితరులైన జస్టిన్, ఐరేనియస్ అనువారు ఆ కొయ్యయందు క్రీస్తు సిలువను చూచిరి. అది మంచి బోధయే. దానిని నేను త్రోసివేయను. గాని సిలువ యొద్దకు చేరవలెనను తొందరలో, గొడ్డలి పోగొట్టుకొనినవాడు వేసిన కేకను నేను వినలేదు. ఆ కేకను నాకు వినిపించినవాడు ఒక పాల వ్యాను డ్రైవరు.

ఆ సహోదరుడు మా సంఘ సభ్యుడు. రాత్రి 11 గంటలకు డెయిరీలో పాల ప్యాకెట్లు ఎక్కించుకొని, తెనాలి నుండి రేపల్లె వైపు పోవు దారిలోని ఊళ్లలో దింపి, ఉదయము 6 గంటలకు ఖాళీ ట్రేలతో తిరిగి రావలెను. ఆదివారమును పాలు కావలెను గనుక ఆదివారమునకు సెలవు లేదు. అతడు తిరిగి వచ్చి, స్నానము చేసి, భార్యాబిడ్డలతో 9 గంటల ఆరాధనకు వచ్చి కూర్చుండును. రెండవ పాఠము చదువునప్పటికి తల వాలును. ఒక ఆదివారము గురక కూడ వినబడెను. సంఘ పెద్దలలో ఒకరు నా యొద్దకు వచ్చి, పిల్లలు నవ్వుచున్నారని ఫిర్యాదు చేసిరి.

నేను చేసిన పని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. మరుసటి ఆదివారము అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములోని ఐతుకును తీసికొని, పౌలు ప్రసంగములో నిద్రించినవాడు మూడవ అంతస్తునుండి పడెననియు, మన దేవాలయమునకు మేడ లేదు గనుక కొందరు బ్రదికిపోవుచున్నారనియు అంటిని. సంఘమంతయు నవ్వెను. పేరు చెప్పలేదు, చెప్పనక్కరలేదు గదా. అటు తరువాత నాలుగు ఆదివారములు అతడు రాలేదు.

ఆ భాగమును తిరిగి చదివితిని. లూకా ఆ యౌవనస్థుని నిందించుచు ఒక్క మాటయు వ్రాయలేదు. పౌలు చాలసేపు ప్రసంగించెననియు, గదిలో అనేక దీపములుండెననియు వ్రాసెను. తప్పు మోపవలసివచ్చినయెడల ప్రసంగియే తీసికొనదగిన మాటలివి! వాడు పడగానే పౌలు క్రిందికి దిగి వెళ్లి వానిని కౌగిలించుకొనెను. నేనైతే వేదిక దిగలేదు.

అయిదవ వారము ఒక మధ్యాహ్నము వారి యింటికి వెళ్లితిని. అతడు నిద్రలో నుండెను. లేపవద్దని అతని భార్యతో చెప్పి అరుగుమీద కూర్చుంటిని. లేచి వచ్చినప్పుడు అతని ముఖములో కోపమేమియు లేదు. క్షమించుమని నేనడిగితిని.

"ఏముంది లెండి అయ్యగారూ. మీకు వీలైతే ఒక్క రాత్రి నా బండిలో రండి" అనెను.

వెళ్లితిని. వర్షాకాలము. ఆ రాత్రి 90 ట్రేలు ఎక్కించిరి. ఒక్కొక్క దానిలో ఇరువది అర లీటరు ప్యాకెట్లు. అతడు రెండు సారులు లెక్కించి, చీటీమీద సంతకము చేసెను. "లెక్క తప్పితే నా జీతంలో తీస్తారండి" అని నవ్వెను. వ్యాను యజమానిది. పాలు డెయిరీవి. ట్రేలు డెయిరీవే, ఒక ట్రే పోయినచో అతని సగము దినపు కూలి పోవును. ఆ బండిలో అతడు తనదని చెప్పుకొనదగినది అన్నపు డబ్బా ఒక్కటే.

మూడవ ఊరు దాటిన తరువాత కాలువ గట్టుమీద టైరు పంక్చరయ్యెను. టైరు పంక్చరైన ప్రతిసారి సాతానును నిందించు బోధకులున్నారు. ఆ రాత్రి పంక్చరునకు కారణము రెండంగుళముల మేకు, అరిగిన టైరు. స్టెప్నీలో గాలి తక్కువగా నుండెను. జాకీ బురదలో దిగబడుచుండగా దాని క్రింద చెక్క పెట్టి, రెండు సారులు జారిన తరువాత బండిని లేపగలిగెను. నేను సెల్‌ఫోను దీపము పట్టుకొంటిని. అంతకుమించి నాకేమియు చేతకాలేదు. కొంతసేపటికి, "కాళ్లు నొప్పులు పుడతాయి, కూర్చోండి అయ్యగారూ" అని ఖాళీ ట్రే ఒకటి బోర్లించి వేసెను. కూర్చుంటిని. అక్కడనే నలువది నిమిషములు గడచెను.

తరువాతి ఊరిలో, రంగు చెరిగిపోయిన స్పీడు బ్రేకరు చీకటిలో కనబడలేదు. వెనుక ట్రేలు ఒకదానిమీదనుండి ఒకటి జారెను. ఏడు ప్యాకెట్లు పగిలెను. వాటి వెలయు అతనిదే. మరియొక ఊరిలో ఏజెంటు షట్టరు వేసి నిద్రించుచుండెను, ఫోను ఎత్తలేదు. పాలు అరుగుమీద పెట్టిపోయినయెడల కుక్కలు చింపును. వేచియున్నయెడల ముందున్న ఊళ్లకు ఆలస్యమగును. అతడు షట్టరు తట్టి తట్టి పిలిచెను. పదిహేను నిమిషములకు లోపలనుండి తిట్టుకొనుచు వచ్చి తలుపు తీసిరి. "తమరికి నిద్రాభంగం చేశాను" అని అతడు వారికి చెప్పెను. నేనైనయెడల ఆ మాట చెప్పియుండను.

మూడు గంటల తరువాత నాకు కండ్లు తెరిపిడి పడలేదు. రెండు మొదలు అయిదు గంటల వరకు నరుని దేహము నిద్రకై మిక్కిలి ఆరాటపడు వేళయని వైద్యులు చెప్పుదురు. అలవాటు వలన అది తగ్గునేమో గాని పోదు. అతడు రెండు సారులు బండి ఆపి ముఖముమీద నీళ్లు చల్లుకొనెను. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము 5వ వచనములో, చెట్టు నరుకుచుండగా గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి వాడు చనిపోయినయెడల ఏమి చేయవలెనో వ్రాయబడియున్నది. పనిముట్టు జారుట చిన్న సంగతియే, ఒకని ప్రాణము పోవువరకు. రాత్రి బండి నడుపువాడు ఒక్క క్షణము రెప్ప వాల్చుటయు అట్టిదే. ప్రక్కన కూర్చుండి నేను ప్రార్థించితిని. భయముతోనే ప్రార్థించితినని ఒప్పుకొనుచున్నాను.

చివరి ఊరిలో టీ కొట్టు దగ్గర అతడు ఖాళీ ట్రేలు లెక్కించెను. మరల లెక్కించెను. ఒకటి తక్కువ వచ్చెను. పంక్చరునకు గాని, పగిలిన పాలకు గాని, తిట్టిన ఏజెంటునకు గాని రాని నీరు అప్పుడతని కండ్లలోనికి వచ్చెను.

"అయ్యో అయ్యగారూ, అది నాది కాదండి" అనెను.

ప్రియులారా, ఇప్పుడు 5వ వచనము తెరచి చదువుడి. యొర్దాను ఒడ్డున దూలము నరుకుచున్న ఆ శిష్యుడు, గొడ్డలి పోయెను, పని ఆగిపోయెను అని యేడ్వలేదు. అది తనది కాదు, ఒకరి యొద్ద అడిగి తెచ్చినది అని యేడ్చెను. మా సెమినరీలో హెబ్రీ భాష నేర్పిన గురువు ఈ స్థలములో ఒక సంగతి చూపించిరి. ఇక్కడ అరువు తెచ్చినదని చెప్పు హెబ్రీ మాటయు, సౌలు రాజు పేరును ఒకే అక్షరములు, ఒకే పలుకుబడి: షాఊల్, అనగా అడిగి తెచ్చుకొనినది. పరీక్షకు పనికివచ్చునని అప్పుడు వ్రాసికొంటిని. ఆ టీ కొట్టు దగ్గర అది వేరుగా వినబడెను.

అరువు సొమ్ము పోయినయెడల ఏమగును? నిర్గమకాండము 22:14 చూడుడి. పొరుగువాని యొద్ద అడిగి తెచ్చుకొనిన పశువునకు హాని కలిగినయెడల, యజమానుడు దగ్గర లేని పక్షమున, తెచ్చుకొనినవాడే నష్టము కట్టవలెను. గొడ్డలి పశువు కాదు. అయినను అరువు తెచ్చుకొనినవాని బాధ్యత అట్టిదే గదా. కట్టలేనివాని గతి యేమి? దీనికి రెండే అధ్యాయములు వెనుకకు వెళ్లుడి. 4వ అధ్యాయము మొదట ఏడ్చుచున్న విధవరాలు ఎవరి భార్య? ఈ ప్రవక్తల శిష్యులలో ఒకని భార్యయే. ఆమె భర్త భక్తిగలవాడు, అప్పుతో చనిపోయెను. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవ వచ్చియున్నాడు. ఆ సంగతి ఈ శిష్యులందరికి తెలియకుండునా? గొడ్డలి నీట మునిగినప్పుడు ఈ మనుష్యుడు తన పిల్లలను తలంచుకొనలేదని ఎవరు చెప్పగలరు? చూచువారికి అది గొడ్డలి. కట్టవలసినవానికి అది ఇల్లు.

ఇప్పుడు ఎలీషాను చూడుడి. ఒక అధ్యాయము ముందు నయమాను పది తలాంతుల వెండియు, ఆరువేల బంగారమును తెచ్చియుండగా ముట్టనని చెప్పిన మనుష్యుడితడు. ఒకని అరువు గొడ్డలికొరకు నది ఒడ్డున నిలిచియున్నాడు. అజాగ్రత్తగా నరికితివా, పిడి బిగించి చూచుకొనలేదా అని అడుగలేదు. ఎక్కడ పడినదో చూపుమని మాత్రమే అడిగెను. దేవుని మనుష్యుడే అడుగవలసి వచ్చెను! పై నుండి అతనికి బయలుపరచబడలేదు. పడిన చోటు పడవేసికొనినవానికే తెలియును. వాని వెంట వెళ్లి చూడవలెను.

మరియు 3వ వచనమును దాటిపోవద్దు. నీవును మాతో రమ్మని శిష్యులలో ఒకడు వేడుకొనెను. ఎలీషా వచ్చెదననెను. ఇల్లు ఇరుకైనదని వారడిగినప్పుడు అనుమతి యిచ్చి ఊరకుండవచ్చును. దూలములు మోయుట ప్రవక్త పని కాదు. అతడు వెళ్లనియెడల ఆ కేక ఎవరికి వినబడియుండును? నేను ఈ భాగమును మూడు సారులు ప్రసంగించితినని చెప్పితిని గదా. మూడు సారులును ఈ వచనము పైనుండి దాటిపోతిని.

ఇనుము ఎట్లు తేలెనని కొందరు అడుగుదురు. ఎలీషా పొడవైన కఱ్ఱతో అడుగున వెదకి పైకి తీసియుండునని చెప్పు వ్యాఖ్యాతలును ఉన్నారు. వాక్యములో అట్లు లేదు. ఇనుము తేలెనని యున్నది, నేను నమ్ముచున్నాను. అయితే ప్రతి పోయిన ట్రేయు తేలునని బోధించుటకు నాకు ధైర్యము లేదు. పంక్చరు పడకుండ నూనె ప్రార్థించి యిచ్చువారి మాటలకు మీరును లోబడవద్దు. టైరు అరిగినప్పుడు మార్చుమని యజమానిని అడుగుట మేలు.

టీ కొట్టు దగ్గర నాకు తోచినది ఒక్కటే. "తమ్ముడూ, ఎక్కడ పడి ఉంటుంది?" అని అడిగితిని. అతడు ఒక్కొక్క ఊరు చెప్పుకొనుచు వచ్చెను. ఈ ఊరిలో అయిదు దింపి అయిదు తీసికొంటిని, ఆ ఊరిలో ఎనిమిది దింపి ఎనిమిది. కాలువ గట్టు దగ్గరకు వచ్చునప్పటికి అతడు ఆగి, నా వైపు చూచెను. మర్యాదగలవాడు గనుక ఏమియు అనలేదు. అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చెను.

తిరుగు దారి అదియే. తెల్లవారుచుండెను. ట్రే నేను కూర్చుండిన చోటనే బోర్లపడియుండెను, దానిమీద వాన నీటి చుక్కలు. బండి బాగుపడగానే లేచి, వెనుకకు చూడక ఎక్కి కూర్చుంటిని. ఇతరుల అజాగ్రత్తను గూర్చి వేదికమీద పలికిన నేను అతని సగము దినపు కూలిని గట్టుమీద విడిచివచ్చితిని. నేను దిగి, దానిని తీసి, అతని చేతికిచ్చితిని. అతడు నవ్వెను, నేనును నవ్వితిని. డెయిరీ చేరునప్పటికి ఆరు దాటి పది నిమిషములైనది.

తరువాతి ఆదివారము ప్రకటనల వేళ, ఐతుకును గూర్చి నేను పలికిన మాట తప్పని సంఘము ఎదుట చెప్పితిని. ఆ సహోదరుడు భార్యాబిడ్డలతో కూడ వచ్చియుండెను. రెండవ పాఠమునకు నిద్రించెను కూడ. ఎవరును నవ్వలేదు.

ఈ సంగతి సంఘ పెద్దలతో మాటలాడితిమి. మా గ్రామములో రాత్రి పని చేయువారు అతడొక్కడే కాడు. రైసు మిల్లు కావలివాడున్నాడు, పట్టణపు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయు నర్సు సహోదరి యున్నది, చెరువుల మీద రొయ్యల కావలి కాయు యిద్దరు యౌవనస్థులున్నారు. వీరికొరకు గురువారము సాయంకాలము 5 గంటలకు, వారు నిద్ర లేచి పనికి పోకమునుపు, ఆ డ్రైవరు ఇంటి అరుగుమీద కూడుకొనుచున్నాము. ఇంతవరకు ఆరుగురు వచ్చుచున్నారు. మన సంఘములలో రాత్రి పనివారున్న ఇతర గ్రామముల కాపరులు ఈ పాఠమును అట్టి కూటములో చదువవచ్చును. వచనములు చదివిన తరువాత, ఈ వారము మీ చేతిలోనుండి ఏమి జారినదని ఒక్కొక్కరిని అడుగుడి, తొందరపడి బోధింపకుడి.

వచ్చు గురువారము మేము 134వ కీర్తన చదువబోవుచున్నాము. అది రాత్రివేళ యెహోవా మందిరములో నిలుచువారిని గూర్చినది. మూడే వచనములు గనుక, నర్సు సహోదరి 6 గంటల బస్సునకు అందుకొనగలదు.