ఌతక నామ విచారము: దురుచ్చారిత నామధేయములయందు శాస్త్రమర్యాద

శిశువునకు నామధేయమును నిర్ణయించునపుడు పెద్దలు అర్థమును, నక్షత్రమును, కులదేవతను, పితామహుల పేళ్లను తలంతురు. ఆ పేరు పదిమంది నోట ఎట్లు పలుకబడునో తలంచుట అరుదు. పేరు పెట్టువారు ఇద్దరు ముగ్గురు, పలుకువారు అనేకులు. పలుకువారి నోట పేరు చెడినపుడు కొన్ని ప్రశ్నలు పుట్టును. ఆ దోషము పేరుదా, పెట్టినవారిదా, పలికినవారిదా? చెడిన రూపమును సవరింపవలెనా, సహింపవలెనా? అది లోకమున స్థిరపడినచో అదియే పేరగునా? ఓరియంటల్ కళాశాలల అధ్యాపకులను తల్లిదండ్రులు నేటికిని శిశువులకు పేళ్లు అడుగుచుందురు. కావున ఈ ప్రశ్నలు వారికి గ్రంథములకు పరిమితమైనవి కావు. పతంజలి మహాభాష్యమందును, భర్తృహరి వాక్యపదీయమందును వీనికి లభించు సమాధానములను సమన్వయించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నామకరణ నియమములు – ఉచ్చారణము

పస్పశాహ్నికమందు వ్యాకరణాధ్యయన ప్రయోజనములను చెప్పుచు భాష్యకారులు యాజ్ఞికుల సంప్రదాయము నొకదానిని ఉదాహరించిరి. పదియవ దినము గడచిన పిమ్మట కుమారునకు పేరు పెట్టవలెను. ఆ పేరు ఘోషవర్ణముతో మొదలై, నడుమ అంతఃస్థను కలిగి, ఆదివృద్ధి లేనిదై, మూడు తరముల పూర్వులను అనుసరించి, శత్రువులయందు ప్రసిద్ధము కానిదై, రెండుగాని నాలుగుగాని అక్షరములతో కృదంతమై ఉండవలెను, తద్ధితాంతము కారాదు. వ్యాకరణము నెరుగనివానికి కృత్తద్ధితముల భేదము తెలియదనుట అచ్చటి ఫలితార్థము. ఆశ్వలాయన గృహ్యసూత్రము ప్రతిష్ఠను కోరువానికి రెండక్షరముల పేరును, బ్రహ్మవర్చసమును కోరువానికి నాలుగక్షరముల పేరును విధించి, పురుషులకు సరిసంఖ్యను, స్త్రీలకు బేసిసంఖ్యను చెప్పినది. పారస్కరుడు స్త్రీనామము ఆకారాంతమై ఉండవలెననెను.

ఈ నియమములలో అర్థమునకు సంబంధించినవి స్వల్పములు. వర్ణములకును, అక్షరసంఖ్యకును, పదనిర్మాణమునకును సంబంధించినవే అధికములు. నామధేయము పిలుచుటకై ఏర్పడినదగుటయే దీనికి కారణమని తోచును. దూరమునుండి పిలుచునపుడు వాక్యాంతమందలి అచ్చు ప్లుతమగునని పాణిని (8-2-84) ప్రత్యేకముగా విధించెను. ఘోషవర్ణములు నాదముతో పుట్టునవి. శ్వాసముతో పుట్టు అఘోషములకన్న అవి స్ఫుటముగా వినబడును. కావున ఘోషవదాది నియమము శ్రవణసౌకర్యమునకు అనుకూలమని ఊహించుట తగును.

మనువు ద్వితీయాధ్యాయమున స్త్రీనామ లక్షణములను చెప్పుచు 'సుఖోద్యము' అను దానిని మొట్టమొదట నిలిపెను. సుఖముగా పలుకదగినదని దాని అర్థము. వ్యాఖ్యాతయగు మేధాతిథి, స్త్రీలును బాలురును సుఖముగా ఉచ్చరింపగలది సుఖోద్యమని వివరించి, శర్మిష్ఠ, సుశ్లిష్టాంగి అను పేళ్లను ప్రత్యుదాహరణములుగా చూపెను. శర్మిష్ఠ మహాభారతమున వృషపర్వుని కూతురు, రాజకన్య. అట్టి ప్రసిద్ధనామము సైతము సుఖోద్యత్వమునకు నిలువలేదు. పురాణమందు ఉన్నంతమాత్రమున పేరు పలుకుటకు సులభమగునని తలపరాదనుట దీనివలన స్పష్టమగుచున్నది.

భాష్యమున ఌతకుడు

శివసూత్రములలో రెండవది 'ఋఌక్'. ఌకారమునకు భాషయందు ప్రయోగము మిక్కిలి స్వల్పము. కౢపి ధాతువునందు తప్ప అది కానరాదు. అట్టి వర్ణమును ఏల ఉపదేశింపవలెనని శంక పుట్టగా, యదృచ్ఛాశబ్దములు, అశక్తిజానుకరణము, ప్లుతాదులు దానికి ప్రయోజనములని వార్తికకారుడు చెప్పెను. వీనిలో మొదటి రెండింటికిని భాష్యకారులు చూపిన ఉదాహరణము ఒక మనుష్యుని పేరు.

యదృచ్ఛాశబ్దమనగా ఇచ్ఛానుసారముగా పెట్టిన పేరు. ఒకనికి ఌతకుడని పేరు కలదనుకొందము. అతనికి పెరుగు ఇమ్మని చెప్పునపుడు దధి, ఌతకాయ అను పదములు కలిసి దధ్యౢతకాయ అగును. ఇకారము యకారమగుటకు పరమందు అచ్చు ఉండవలెను. ఌకారమును అచ్చులలో ఉపదేశింపనిచో ఆ సంధి సిద్ధింపదు. ఒకని పేరు కొరకు వర్ణసమామ్నాయమున ఒక వర్ణమునకు చోటు ఈయవలెనా అనునంతవరకు విచారము సాగినది.

రెండవ ప్రయోజనము మరింత ఆసక్తికరము. ఒక బ్రాహ్మణస్త్రీ 'ఋతక' అని పలుకబోయి, శక్తి చాలక 'ఌతక' అనినది. ఆమె ఇట్లు పలికినదని వేరొకడు చెప్పవలెనన్నచో ఆ ఌకారమును వాడును పలుకవలసినదే. ఇదియే అశక్తిజానుకరణము. ఒక పేరు తప్పుగా పలుకబడుటయు, ఆ తప్పును మరియొకరు అనువదించుటయు క్రీస్తుపూర్వము 2వ శతాబ్దికి చెందినదిగా పండితులు పరిగణించు గ్రంథమున శాస్త్రీయ విచారమునకు విషయములైనవి.

మొదటి ప్రయోజనమునకు పిదప ఆక్షేపము చెప్పబడినది. న్యాయ్యమగు ఋతకశబ్దము ఉండగా సంజ్ఞలయందు దానినే గ్రహింపవలెను. అతడు ఋతకుడేగాని ఌతకుడు కాడు. శాస్త్రాన్వితమగు రూపము ఉన్నంతకాలము పేరు దానిని విడువరాదనుట ఇందలి తాత్పర్యము. అనుకరణ విషయమున మాత్రము భాష్యకారుల దృష్టి ఉదారము. అపశబ్దమును తెలుపుటకై పలికిన శబ్దము అపశబ్దము కాదు. అట్లు కానిచో 'అపశబ్దము' అను మాటయే అపశబ్దము కావలసివచ్చును.

ఈ ప్రకరణము నుండి రెండు విషయములు తేలుచున్నవి. అశక్తి పలుకువానిది, దానివలన పేరునకు లోపము లేదు. ఆ అశక్తిని శాస్త్రము పరిహసింపలేదు. 'అశక్తిజము' అని కారణమును మాత్రము చెప్పినది. పేరు చెప్పి నమస్కరించునపుడు ఆ అభివాదన రీతిని ఎరుగనివారి ఎదుట 'నేను' అని మాత్రము చెప్పవలెనని మనువు విధించుటయు ఈ సహనమునకే నిదర్శనము.

తెలుగు నోట సంస్కృతనామములు

చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) సంస్కృతమునకు ఏబది వర్ణములను, ప్రాకృతమునకు నలుబదిని, తెలుగునకు ముప్పదియారింటిని చెప్పినది. ఋకారము, ఌకారము, విసర్గము, వర్గముల యొత్తక్షరములు, ఙ, ఞ, శ, షలు సంస్కృతసమములతో కూడి తెలుగున వ్యవహరింపబడునని అచ్చటనే కలదు. నేడు తప్పుగా పలుకబడు నామధేయములను పరిశీలించినచో, వానిలో అధికభాగము ఈ వర్ణములతో కూడినవే. షణ్ముఖ, ఋషభ, శిఖ, ధృతి మొదలగునవి ఇట్టివి. తెలుగు నోటికి ఈ వర్ణములు అభ్యాసముచేత అలవడవలసినవేగాని సహజముగా వచ్చునవి కావు.

ధృతి అనగా ధైర్యము. ఒత్తు జారినచో దృతి యగును. దృతి అనగా తోలుతిత్తి. తల్లిదండ్రులు కోరిన అర్థము ఒక్క మహాప్రాణముతో జారిపోవుచున్నది. ప్రహ్లాదశబ్దము వేరొక విధము. అనునాసికములతోను, అంతఃస్థలతోను కూడిన హకారము ఉరస్యమని పాణినీయశిక్ష చెప్పును. రొమ్మునుండి వెలువడవలసిన ఆ హకారము సాధింపలేక కొందరు లకారమును ముందునకు తెచ్చి 'ప్రల్హాద' అందురు. మరికొందరు నడుమ అచ్చు చేర్చి 'ప్రహల్లాద' అందురు.

ఋకార విషయమున ప్రాంతభేదము ప్రసిద్ధము. తెలుగు, కన్నడ, మరాఠీ, ఒడియా దేశములవారు దానిని 'రు' వలెను, ఉత్తరాదివారును వంగీయులును 'రి' వలెను పలుకుదురు. పాణినీయులు దానికి మూర్ధము స్థానమనగా, ఋక్ప్రాతిశాఖ్యము జిహ్వామూలమనినది. ఋకారమున రేఫాంశము నడుమ ఉండి, ఇరుప్రక్కల స్వరాంశముండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ స్వరాంశము ఉకారము కాదు, ఇకారమును కాదు. కావున ఒక ప్రాంతమువారు మరియొక ప్రాంతమువారిని పరిహసించుటకు తావు లేదు.

ఉచ్చారణమున ఇట్టి సౌలభ్యము ఉన్నను, లేఖనమున లేదు. ఋకారము అచ్చు. 'నవకృతి' అన్నపుడు నాలుగును లఘువులే. దానిని 'నవక్రుతి' అని వ్రాసినచో సంయుక్తాక్షరము పరమగుటచే వకారము గురువగును, గణము చెడును. దేవ, ఋషి అను పదములు కలిసి దేవర్షి యగుటయు ఋకారము అచ్చగుటచేతనే. 'రుషి' అని వ్రాసినవానికి ఆ సంధి లేదు. పెరుగు ఈయబోవునపుడు ఌతకుని పేరునకు భాష్యకారులు పెట్టిన పరీక్షయే ఇదియు. నోరు తడబడినను వ్రాత నిలిచియున్నచో సాధురూపమును మరల గ్రహింపవచ్చును. వ్రాతయు మారినచో ఆ మార్గము మూసికొనిపోవును.

అపభ్రంశము స్థిరపడినపుడు

వాక్యపదీయ ప్రథమకాండమున భర్తృహరి, అపభ్రంశములు సాధుశబ్దమును అనుమానింపజేసి ఆ మూలమున అర్థమును బోధించుననెను. మాటలు నేర్చుచున్న బాలుడు అస్పష్టముగా పలికినను, తెలిసినవారికి ఆ అస్పష్టరూపము వలన స్పష్టరూపము నిశ్చితమగుట దానికి దృష్టాంతము. చెల్లెలి పేరును చక్కగా పలుకలేని అన్న విషయమున ఇంటివారికి కలుగు అనుభవము ఇదియే. ఈ దశయందు దోషము తాత్కాలికము.

అనంతరము భర్తృహరి మరియొక దశను చెప్పెను. పలుకువారి వైగుణ్యముచేత పరంపరగా వచ్చిన అపభ్రంశము వారియందు ప్రసిద్ధి పొందినచో, వారికి సాధుశబ్దమే అర్థమును బోధింపని స్థితి ఏర్పడును. వ్యక్తినామములయందు ఇది ప్రత్యక్షము. దృతి యని పట్టికలో చేరి, పదియేండ్లు ఆ రూపముననే పిలువబడిన బాలికను ధృతి యని పిలిచినచో అది తన పేరని ఆమెకు వెంటనే తోపదు. సాధుశబ్దము పిలుపునకు అసమర్థమైనది.

లచ్చి, వెన్నుడు, సిరి మొదలగు తద్భవములను ఈ కోవలో చేర్పరాదు. అవి ప్రాకృతాది మార్గమున వర్ణవికార నియమములను అనుసరించి వచ్చి, తెలుగున స్వతంత్రశబ్దములుగా నిలిచినవి. ఒకని నోటి తడబాటునకును, భాషాపరిణామమునకును గల భేదము ఇచ్చట గుర్తింపదగినది. లచ్చమ్మ యను పేరు తప్పు కాదు. సుఖోద్యత్వమున అది లక్ష్మీశబ్దమును మించినది.

నేటి కాలమున రోమను లిపి మరియొక కారణమైనది. తెలుగువారు తకారమునకు టీ, హెచ్ అను రెండక్షరములను వాడుదురు. ఉత్తరాదివారు ఆ రెండింటిని థకారముగా చదువుదురు. అందువలన ఇచ్చటి 'గీత' అచ్చట 'గీథా' యగును. దకార డకారములకు ఒక్క డీ అక్షరమే దిక్కు. ల, ళలకు భేదము లేదు. పాసుపోర్టులో చేరిన ఆ రూపమునుండి విదేశీయులు మూలవర్ణమును అనుమానించుట అసాధ్యము. ఇది నోటి అశక్తి కాదు. లిపి యొక్క అశక్తి.

నిర్ణయము

పై విచారమును బట్టి దోషవిభాగము ఇట్లు ఏర్పడుచున్నది. సుఖోద్యత్వమును పరీక్షించుట పేరు పెట్టువారి బాధ్యత. పేరు పెట్టిన పిమ్మట, పలుకలేకపోవుట పలుకువారి అశక్తి, అది క్షమార్హము. తెలిసియు సవరింపక చెడిన రూపమును పట్టికలో చేర్చుట మాత్రము క్షమార్హము కాదు. అది రెండవ దశకు, అనగా సాధువు అవాచకమగుటకు, కారణమగును.

పేరు అడిగినవారికి అధ్యాపకులు అర్థము చెప్పి ఊరకుండుట చాలదు. ఆ పేరును తల్లిచేతను, మాతామహిచేతను, ఇంటనున్న చిన్నపిల్లలచేతను అప్పటికప్పుడు పలికింపవలెను. మేధాతిథి స్త్రీబాలురను ప్రమాణముగా చెప్పుటకు ఫలము ఇదియే. మూడు నోళ్లలో రెండింట చెడిన పేరును విడుచుట మేలు. అర్థగౌరవముచేత దానినే కోరినచో, తెలుగులిపిలో సాధురూపమును వ్రాసి ఇచ్చి, రోమను రూపమును సైతము ఆ సమయముననే నిర్ణయింపవలెను. పాఠశాలలో మొదటిదినమున పట్టిక చదువు ఉపాధ్యాయుడు, విద్యార్థిచేత వాని పేరును వానినోటనే చెప్పించి వినవలెను.

చెడిన రూపమే పేరుగా స్థిరపడినవారి విషయమున, లోకవ్యవహారమందు ఆ రూపముననే పిలుచుట తగును; భాష్యమర్యాదను బట్టి అది అనుకరణము, అందు దోషము లేదు. సంకల్పాది వైదికకర్మలయందును, గ్రంథలేఖనమందును సాధురూపమునే గ్రహింపవలెను. అచ్చట అతడు ఋతకుడే.