ప్రాజెక్టు కొనకండి, గడియారం చేయండి

ఫైనలియర్ వచ్చిందంటే మన ఈసీఈ, ఈఈఈ విద్యార్థుల్లో చాలామంది అమీర్‌పేటకో, దిల్‌సుఖ్‌నగర్‌కో బయల్దేరతారు. కిట్టు, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి ఒక ప్రాజెక్టు కొనుక్కొస్తారు. వైవా గట్టెక్కుతుంది. చిక్కు వచ్చేది ఉద్యోగం ఇంటర్వ్యూలో. "ఈ రెసిస్టర్ ఎందుకు పెట్టారు?" అని అడిగితే నోట మాట రాదు. ఎంబెడెడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఈ మౌనాన్ని చాలాసార్లు చూశాను. ఆ పిల్లలకు తెలివి లేక కాదు. పని చేత్తో చేయలేదు, అంతే.

అలాంటివాళ్లకు నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే: ఇంట్లో కూర్చుని ఒక గడియారం చేయండి. 60 ఎల్‌ఈడీలున్న రింగు, ఈఎస్‌పీ32 బోర్డు, టైమ్ గుర్తుంచుకునే డీఎస్3231 మాడ్యూల్, 5 వోల్టుల అడాప్టర్ ఉంటే చాలు. అన్నీ కలిపి రెండు వేల రూపాయల లోపే అవుతాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉంది, మిగతావాళ్లు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. గంటల ముల్లుకు ఎరుపు, నిమిషాలకు ఆకుపచ్చ, సెకన్లకు నీలం. అరవై నిమిషాలకు అరవై దీపాలు. చూడ్డానికి చిన్న పనిలాగే ఉంటుంది. కానీ ఈ గుండ్రటి బోర్డు మీద ఎంబెడెడ్ ఇంజినీరు రోజూ చేసే పని దాదాపు అంతా ఉంది.

ఆ దీపాలు మామూలు ఎల్‌ఈడీలు కావు. డబ్ల్యూఎస్2812బీ రకంలో ఒక్కో ఎల్‌ఈడీ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. అరవైకీ కలిపి డేటా తీగ ఒక్కటే. కిటకిటలాడే పల్లెవెలుగు బస్సులో కండక్టరు ఇచ్చిన టికెట్లు చేతులు మారుతూ వెనక్కి వెళ్లడం గుర్తు తెచ్చుకోండి. ఇక్కడా అంతే. మొదటి ఎల్‌ఈడీ తన వంతు 24 బిట్లు తీసుకుని మిగతావి పక్కదానికి అందిస్తుంది. ఒక్కో బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు, ఒక్కో ఎల్‌ఈడీకి 30 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే రింగు మొత్తానికి కొత్త రంగులు పంపడానికి 1.8 మిల్లీసెకన్లు. ఈ లెక్క మీరే వేసుకుంటే సీరియల్ కమ్యూనికేషన్ చాప్టర్ ఇంకెప్పుడూ మర్చిపోరు.

మొదటిరోజే ఒక వింత ఎదురుకావచ్చు. మీరు ఎరుపు పంపితే ఆకుపచ్చ వెలుగుతుంది. రింగు పాడైందని తిరిగి పంపేయకండి. ఈ చిప్‌కు రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో కాదు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరుసలో అందాలి. ఆ సంగతి డేటాషీట్‌లో ఉంటుంది. డేటాషీట్ తెరిచి, ఆ పట్టిక వెతికి, లైబ్రరీలో ఒక్క పదం మార్చి, దీపం ఎర్రగా వెలగడం చూసిన విద్యార్థికీ, వీడియో చూసి మక్కీకి మక్కీ దించిన విద్యార్థికీ తేడా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

60 ఎల్‌ఈడీల రింగు చాలాసార్లు ఒకే ముక్కగా రాదు. పదిహేనేసి ఎల్‌ఈడీల నాలుగు వంపు ముక్కలు వస్తే మనమే సోల్డరింగ్ చేసుకోవాలి. నేను మొదటిసారి చేసినప్పుడు పదిహేను దీపాలు చక్కగా వెలిగి, పదహారో దాని దగ్గర చీకటి మొదలైంది. తప్పు ప్రోగ్రాంలో ఉందనుకుని రెండు సాయంత్రాలు కోడ్ తిరగరాశాను. మూడోరోజు మల్టీమీటర్ ప్రోబులు అతుకుకు అటూ ఇటూ పెట్టి చూస్తే బీప్ రాలేదు. డేటా ప్యాడ్ మీద సోల్డర్ ముద్ద నిలిచింది కానీ రాగికి అంటుకోలేదు. సోల్డరింగ్ ఐరన్ వేడిగా పెట్టి, కొంచెం ఫ్లక్స్ రాసి మళ్లీ అతికిస్తే రింగు చుట్టూ వెలుగు పరుగెత్తింది. పదహారో దీపం దగ్గర ఆగిందంటే లోపం మొదటి అతుకులో ఉండే అవకాశమే ఎక్కువ, ముందు అక్కడే చూడాలి. లోపం ఎక్కడుందో వెలుగే చెబుతోంది. దాన్ని చదవడం నాకు ఆ రోజు వచ్చింది. ఎంబెడెడ్‌లో జీతం ఇచ్చేది చాలావరకు ఈ చదువుకే.

తర్వాత కరెంటు లెక్క. ఒక్కో ఎల్‌ఈడీలో మూడు రంగులు, రంగుకు సుమారు 20 మిల్లీఆంపియర్లు. అన్నీ పూర్తి తెలుపులో వెలిగితే 60 గుణకారం 60, అంటే 3.6 ఆంపియర్లు. ల్యాప్‌టాప్‌లోని పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 0.5 ఆంపియరే. గడియారంలో మామూలుగా వెలిగేవి మూడే దీపాలు కాబట్టి నడిచిపోతుంది. కానీ గంట కొట్టేటప్పుడు రింగంతా తెల్లగా మెరవాలని ముచ్చటపడి రాశారనుకోండి, ఆ క్షణంలో బోర్డు రీసెట్ అయిపోతుంది. మామూలుగా ఎంత కావాలి, అతి ఎక్కువగా ఎంత కావాలి అని రెండు లెక్కలూ వేసి అడాప్టర్ ఎంచుకోవాలి. సప్లయ్ తీగల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, డేటా తీగలో 300 నుంచి 500 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టమనేది కూడా ఊరికే కాదు. మొదటిది కరెంటు ఒక్కసారిగా ఎగదన్నినప్పుడు వోల్టేజీని కాపాడుతుంది. రెండోది డేటా తీగలో వచ్చే కుదుపుల నుంచి మొదటి ఎల్‌ఈడీని కాపాడుతుంది. పైన చెప్పిన ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 5 వోల్టులతో నడిచే డబ్ల్యూఎస్2812బీ, డేటా తీగ మీద సప్లయ్‌లో 0.7 వంతు, అంటే 3.5 వోల్టులు వస్తేనే దాన్ని '1'గా గుర్తిస్తానని డేటాషీట్‌లో చెబుతుంది. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులు. ఇంట్లో టేబుల్ మీద పనిచేసేస్తుంది. కాలేజీ ఎగ్జిబిషన్‌లో పొడుగు తీగ వేసినప్పుడు పిచ్చి రంగులు వస్తాయి. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 లాంటి లెవెల్ షిఫ్టర్ చిప్ పెడితే సరిపోతుంది. "పనిచేస్తోంది కదా" అనడానికీ, "పనిచేయడానికి ఇదీ కారణం" అనడానికీ మధ్య ఉన్నది ఈ 0.2 వోల్టులే.

ఇక టైమ్. కొత్తవాళ్లు ప్రోగ్రాంలో "ఒక సెకను ఆగు" అని రాసి, ఆగిన ప్రతిసారీ ముల్లు ఒక గడి జరుపుతారు. దీపాలకు రంగులు పంపడానికీ మిగతా పనికీ కలిపి ప్రతి చుట్టులో 2 మిల్లీసెకన్లు అదనంగా పోతే, రోజుకు 86,400 సెకన్లు కాబట్టి గడియారం దాదాపు 3 నిమిషాలు వెనకబడుతుంది. అందుకే టైమ్‌ను లెక్కపెట్టుకోకూడదు, డీఎస్3231ను అడిగి తెలుసుకోవాలి. సున్నా నుంచి 40 డిగ్రీల మధ్య దాని తప్పు పది లక్షలకు 2 పాళ్లు, అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం. కరెంటు పోయినా బటన్ సెల్‌తో టైమ్ నిలుపుకుంటుంది. వైఫై ఉన్న ఇంట్లో ఎన్‌టీపీ సర్వర్ నుంచి టైమ్ తెచ్చుకోవచ్చు. అప్పుడు మన టైమ్ కోసం 19,800 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు కలపాలి. పూర్తి గంటలకు మాత్రమే రాసిన నమూనా కోడ్‌లో 5 అని ఇస్తే గడియారం అరగంట తక్కువ చూపిస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ మీదుగా కూడా వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి వచ్చిందే ఆ అయిదున్నర గంటలు.

గంటల ముల్లు లెక్క కూడా మీరే వేయండి. గంటను 5తో హెచ్చించి, నిమిషాలను 12తో భాగించగా వచ్చింది కలపాలి. 3 గంటల 36 నిమిషాలకు 15కు 3 కలిపితే 18వ దీపం.

ఇదంతా ఏ ఉద్యోగానికి అంటారా? పొలం మోటారును ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్, ఎలక్ట్రిక్ స్కూటర్ డ్యాష్‌బోర్డు, బీఎల్‌డీసీ ఫ్యాన్, స్మార్ట్ మీటర్, రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే పరికరం, వీటన్నిటి లోపలా ఇదే పని. ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు, సర్క్యూట్ బోర్డు డిజైన్ చేసేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు కావాలి. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లా క్యాంపస్‌కు వచ్చి ఒకేసారి వందలమందిని తీసుకునే పద్ధతి ఇక్కడ తక్కువ. మన పనే మన గురించి మాట్లాడాలి.

పదో తరగతి అయినవాళ్లకు ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. బీటెక్ అయ్యాక సీ-డాక్ వారి సీ-క్యాట్ రాసి ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్‌లో సుమారు ఆరు నెలల పీజీ డిప్లొమా చేయొచ్చు. డబ్బు పెట్టి ఏదో ఒక కోర్సు చేయాలనుకుంటే నా ఓటు దీనికే. గేట్ రాసేవాళ్లకు ఎంటెక్ దారి ఉంది. ఈసీఐఎల్, బీఈఎల్ లాంటి సంస్థల నోటిఫికేషన్ల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. పరికరాలు లేవని ఆగిపోయే హైదరాబాద్ విద్యార్థులు 2023లో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ గురించి తెలుసుకోండి. నమూనాలు తయారు చేసుకునేవాళ్ల కోసమే పెట్టారు దాన్ని.

రింగు వెలిగాక అక్కడితో ఆగకండి. లైబ్రరీ తీసేసి, ఈఎస్‌పీ32లోని ఆర్‌ఎంటీ పెరిఫెరల్‌తో ఆ 24 బిట్లు మీరే పంపి చూడండి. ఉచితంగా దొరికే కీక్యాడ్‌లో సర్క్యూట్ గీయండి. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమేలో "ఎల్‌ఈడీ క్లాక్ ప్రాజెక్ట్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. 3.6 ఆంపియర్ల లెక్క, లెవెల్ షిఫ్టర్ ఎందుకు పెట్టారో, ఏడాదికి తప్పు ఎంతో రాయండి. ఏ రోజు ఏది పాడైందో, ఎలా కనిపెట్టారో తేదీతో సహా ఒక నోటుబుక్కులో పెట్టుకోండి.

ఇంటర్వ్యూకి వెళ్లేరోజు సర్టిఫికెట్ల ఫైలు పక్కన ఆ గడియారాన్నీ, ఆ నోటుబుక్కునూ, 5 వోల్టుల అడాప్టర్‌నూ కూడా సంచిలో పెట్టుకెళ్లండి.