రాతినేలల బావులలో గుడ్డి క్రస్టేషియన్లు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో పరిశీలన ఆవశ్యకత

గుహావాస క్రేఫిష్‌లకు ప్రసిద్ధ ఉదాహరణలు అమెరికాలోని అర్కాన్సాస్ సున్నపురాతి గుహలలో నివసించే కాంబారస్ జోఫొనాస్టెస్, కాంబారస్ అక్యులాబ్రమ్. ఇవి వరుసగా 1987, 1993 సంవత్సరాలలో ఆ దేశపు అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేరాయి. భారతదేశంలో సహజసిద్ధమైన క్రేఫిష్ జాతి ఏదీ లేదు. అయినప్పటికీ చీకటి నీటికి అలవడి కన్నులను, వర్ణాన్ని కోల్పోయిన క్రస్టేషియన్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, విల్సన్‌తో కలిసి 2011లో వర్ణించిన ఆంధ్రకాయిడెస్ షాబుద్దీన్ అటువంటిదే. దీని దగ్గరి బంధువులు ఆస్ట్రేలియాలో ఉండటం గోండ్వానా ఖండపు ప్రాచీన సంబంధాన్ని సూచిస్తుంది. ఇదే ప్రజాతికి చెందిన మరొక జాతి బెలుం గుహల నుండి నమోదైంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో అధికభాగం గ్రానైట్, నైస్ శిలామయం. సున్నపురాతిలో వలె ఇక్కడ నీరు రాతిని కరిగించి గుహలను ఏర్పరచదు. పైనున్న శిథిల శిలాపొరలోను, దాని దిగువ పగుళ్ళలోను మాత్రమే నిలుస్తుంది. బాతినెల్లిడ్ల వంటి, మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే జీవులకు ఆ సందులే చాలు. బోరుబావుల లోతు పెరిగేకొద్దీ మొదట ఎండేది ఈ పై పొరయే. బాతినెల్లిడ్లు పెట్టే గ్రుడ్లు బహుకొద్ది. స్వేచ్ఛగా ఈదే లార్వా దశ వాటికి లేదు. కావున మంచి వర్షాలకు నీటిమట్టం కోలుకున్నంత మాత్రాన జీవులు కూడా తిరిగి వస్తాయని భావించరాదు. ఎండిన దిగుడుబావులను చెత్తతో పూడ్చుట మరింత హానికరం. ఆ మురుగు నేరుగా పగుళ్ళలోకి చేరుతుంది. వేరుశనగ, మల్బరీ తోటలకు వాడే ఎరువుల నుండి జారే నైట్రేటును గూర్చి చర్చించేటప్పుడు తాగునీటితో పాటు ఈ జీవజాలాన్నీ దృష్టిలో ఉంచుకొనుట సమంజసం.

నమూనా సేకరణకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. బోరు గొట్టం మూతికి సుమారు 70 మైక్రాన్ల రంధ్రాలు గల ప్లాంక్టన్ వలను కట్టి, కొన్ని గంటలపాటు పారిన నీటిని వడగట్టి, మిగిలినదానిని ఆల్కహాలులో భద్రపరచవలెను. తెరచిన బావులలో కన్నులు, రంగు గల సైక్లాప్స్ తరచుగా లభిస్తాయి. అవి ఉపరితల జీవులు. వాటిని భూగర్భ జాతులుగా లెక్కించుట విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాటు. బావిని పూడ్చుటకు రైతు సిద్ధపడిన సందర్భంలో, విస్తరణ శాస్త్రవేత్త నీటిమట్టం, విద్యుద్వాహకత, నైట్రేటు విలువలతో పాటు ఈ నమూనాను కూడా ముందుగా సేకరించవలెను.