ఒక్కదాన్నే ఉంచకు

బుజ్జీ,

నువ్వడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను. అవును, నీ షుగర్ గ్లైడర్‌కి తోడు కావాలి. ఆ తోడు ఇంకో గ్లైడరే కావాలి. "ఒక్కటే పెంచితే మీకు బాగా మాలిమి అవుతుంది, రెండైతే మిమ్మల్ని పట్టించుకోవు" అని మాల్‌లో స్టాలతను చెప్పాడని రాశావు. ఆ మాట నమ్మకు. మా ఇంట్లో ఉన్నవి రెండూ నేను పిలిస్తే భుజమెక్కుతాయి. తోడున్న ప్రాణికి బెదురు తక్కువ.

షుగర్ గ్లైడర్లు ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో చెట్టు నుంచి చెట్టుకు గాలిలో తేలుతూ దూకే చిన్న జీవులు. అమెరికా ఇళ్లలో పెరుగుతున్నవాటి మూలం ఇండోనేషియాలోని సొరాంగ్ పరిసరాలని 2019లో జన్యుపరీక్షలు చూపించాయి. అడవిలో చెట్టుతొర్రలో కొన్ని పెద్దవి, వాటి పిల్లలు ఒకే గూట్లో ముడుచుకుని పడుకుంటాయి. పెద్ద మగది తన నుదుటి మీద, ఛాతీ మీద ఉన్న గ్రంథుల వాసనను మిగతావాటికి రుద్దుతుంది. ఆ వాసనే వాటికి ఇంటిపేరు. చలి పెరిగితే ఒకదాన్నొకటి హత్తుకుని ఒంటి వేడి కాపాడుకుంటాయి. నూరు, నూటయాభై గ్రాములు తూగే ఒంటికి ఆ వెచ్చదనం ఎంత అవసరమో ఆలోచించు.

సాయంత్రమంతా సంచిలో పెట్టుకుని తిరుగుతున్నానన్నావు. మంచిపనే, మానకు. కానీ అది అసలు మేలుకునేది నువ్వు పడుకున్నాక. నువ్వు నిద్రలో ఉండగా, మర్నాడు క్లాసులో ఉండగా అది ఒంటరిదే. అర్ధరాత్రి కుక్కపిల్లలా అరుస్తోందని రాశావు కదా, గ్లైడర్లు ఒకదాన్నొకటి పిలుచుకునే అరుపుల్లో అదొకటి. దానికి బదులు పలకడం నీ వల్ల కాదు. దాని మెడమీది బొచ్చును ఇంకో గ్లైడర్ పళ్లతో సవరించినట్టు నీ వేళ్లు సవరించలేవు. నీ ప్రేమ తక్కువని కాదమ్మా, దానికి కావలసినది వేరు.

ఒంటరిగా ఉంచినవి కొన్ని బొచ్చు పీక్కుంటాయి, తిండి మానేస్తాయి, ఒక్కోసారి తమ తోకనే పుండయ్యేదాకా కొరుక్కుంటాయి. నొప్పి, ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అలా చేస్తాయి కాబట్టి ఎక్కడైనా బొచ్చు పలచబడితే ముందు డాక్టరుకి చూపించు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీపిగ్‌ల లాంటి గుంపు జీవులను ఒంటరిగా పెంచడానికి చట్టమే ఒప్పుకోదు. అన్ని దేశాలూ అలా చేస్తే బాగుండు.

అలాగని రేపే కొనుక్కొచ్చి ఒకే పంజరంలో వేసేయకు. నీది మగది. ముందు దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించు. లేకపోతే, ఆడది తెస్తే పిల్లలు పుట్టుకొస్తాయి, ఇంకో మగది తెస్తే కొట్టుకునే ప్రమాదం. కొత్తదాన్ని నెల రోజులైనా వేరే గదిలో ఉంచి, మల పరీక్ష చేయించు. తర్వాత రెండు పంజరాలూ పక్కపక్కన, పళ్లు అందనంత ఎడంలో పెట్టు. దీని పడకగుడ్డ దానికి, దానిది దీనికి మార్చుతూ ఉండు. ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటయ్యాక, రెండింటికీ కొత్తదైన చోట, నువ్వు పక్కనుండగా కలుపు. కాస్త బుసబుసలాడితే కంగారుపడకు, ఒకదాన్నొకటి పట్టుకుని దొర్లితే మాత్రం వెంటనే విడదీయి. కొన్ని జతలు ఎప్పటికీ కలవవు. అలాంటప్పుడు పంజరాలు వేరుగానే, దగ్గరగా ఉంచాలి.

తిండి విషయం కూడా చెప్తాను, పండ్లు మాత్రమే పెట్టి మేపకు. కాల్షియం తగ్గితే వెనక కాళ్లు పడిపోతాయి.

ఇంకో మాట. ఇవి బాగా చూసుకుంటే పదేళ్లు పైగా బతుకుతాయి. చదువయ్యాక నీకు కాలిఫోర్నియాలో ఉద్యోగం వస్తే? అక్కడ వీటిని పెంచడం చట్టవిరుద్ధం. మనవాళ్లలో చాలామంది అటే వెళ్తున్నారు, నువ్వూ వెళ్లొచ్చు. రెండింటినీ ఎవరికి ఇస్తావో ఇప్పుడే తేల్చుకో. ఎవరూ తోచకపోతే మా ఇల్లుంది. ఇంకోదాన్ని తెచ్చే వీలు నీకు లేకపోయినా సిగ్గుపడకు, దీన్ని ఇప్పుడే మా దగ్గరికి పంపు. ఒక్కదాన్ని ఏళ్ల తరబడి నీ దగ్గరే ఉంచుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను.

కుక్కలూ పిల్లులే కాక ఇలాంటి జంతువులను చూసే డాక్టరు డాలస్‌లో ఎవరున్నారో వెతికి, ఆపరేషన్ తేదీ రాయి. మా గరాజ్‌లో పెద్ద పంజరం ఒకటి ఖాళీగా ఉంది. బాబాయి అటు వచ్చినప్పుడు కారులో వేసి పంపుతాను.

మీ పిన్ని