డాక్టరుగారికి ఆ పని సంగతి చెప్పావా?

చెల్లీ, దగ్గు మూడు వారాలు దాటిందంటే మనకి ముందు గుర్తొచ్చేది టీబీ. తర్వాత బీడీ. ఆస్పత్రిలో కూడా అదే వరస. "పొగ తాగుతావా?" అని అడుగుతారు, మరిదిగారు తల దించుకుని ఊఁ అంటారు, మందులు రాసిస్తారు, మనం బస్సెక్కి వచ్చేస్తాం. ఆయన ఇరవై ఏళ్లు గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోశారన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాదు. వాళ్లు అడగలేదు, మనకి చెప్పాలని తోచలేదు. ఇవాళ మనం మాట్లాడుకోవాల్సింది ఆ మాట గురించే. టీ పెట్టుకుని రా, తీరిగ్గా చెప్పుకుందాం.

ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే పొగ తాగేవాళ్ల జబ్బని మనందరి మనసులో పడిపోయింది. పొగాకే పెద్ద కారణం, కాదనను. కానీ పనిచేసే చోట పీల్చే దుమ్మూ పొగా కూడా ఈ జబ్బు తెచ్చిపెడతాయి. మనిషికి క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం ఒక జాబితా పెట్టింది. అందులో రాతినార ఉంది, అదే మనం ఆస్‌బెస్టాస్ అంటామే, అది. రాయి కోసినా, పగలగొట్టినా లేచే సిలికా ధూళి ఉంది. 2012లో డీజిల్ పొగనీ, 2017లో వెల్డింగ్ పొగనీ కూడా చేర్చారు. పెయింటర్ల పని కూడా ఆ జాబితాలో ఉంది. చూశావా, ఇవన్నీ మన వీధిలో వాళ్లు చేసే పనులే. మగవాళ్ల పనులేనా? క్రషర్ దగ్గర కంకర తట్టలు మోసేది ఎవరు? కొత్త ఇల్లు కడుతుంటే సిమెంటు దుమ్ము ఊడ్చేది ఎవరు?

కంగారుపడకు. దుమ్ములో పనిచేసిన ప్రతివాళ్లకీ క్యాన్సర్ రాదు. ఏ రకం దుమ్ము, ఎంత, ఎన్నేళ్లు పీల్చారు అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, ఇది వెంటనే బయటపడే జబ్బు కాదు. రాతినార పీల్చినవాళ్లకి పదిహేనేళ్ల నుంచి నలభై ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. ఆ సన్నటి పోగులు ఊపిరితిత్తుల అడుగుకి చేరితే శరీరం వాటిని కరిగించలేదు, బయటికి నెట్టలేదు. అక్కడే ఏళ్లతరబడి వాపు రాజుకుంటూ ఉంటుంది. పాతికేళ్ల వయసులో రాతినార రేకుల ఫ్యాక్టరీలో చేరి, పదేళ్లు చేసి మానేసి, కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషి అరవయ్యో ఏట దగ్గుతుంటే ఆ పాత ఉద్యోగం ఎవరికి గుర్తొస్తుంది చెప్పు? ఇంట్లో గుర్తుంచుకోవాల్సింది మనమే.

మన ప్రాంతంలో ఈ పనులు తక్కువా ఏం? కడప జిల్లా పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార గనులుండేవి. 1986 నుంచి మన దేశంలో కొత్త లీజులు ఆపేశారు గానీ, బయటి దేశాల నుంచి తెప్పించి సిమెంటు రేకులు చెయ్యడం మాత్రం ఆగలేదు. కరీంనగర్ గ్రానైట్, మార్కాపురం పలకలు, గూడూరు దగ్గర పలుగురాయి, ఊరూరా కంకర క్రషర్లు, అన్నింట్లోనూ సిలికా ఉంటుంది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో గల్ఫ్ వెళ్లి, అక్కడ కాంక్రీటుకి డ్రిల్ కొట్టి, టైల్సు కోసి వచ్చిన తమ్ముళ్ల సంగతీ అంతే. ఇంకోటుంది, ఈమధ్య వంటింటి గట్టుకి అందరూ మోజుపడి వేయించుకుంటున్న క్వార్ట్జ్ రాయి. ఫ్యాక్టరీలో తయారుచేసే ఆ పలకల్లో తొంభై శాతం దాకా సిలికా ఉండొచ్చు. దాన్ని కోసే కుర్రాళ్ల ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. మన ఇంట్లో కోయించాల్సి వస్తే మేస్త్రీతో గట్టిగా చెప్పు, నీళ్లు పోస్తూ కొయ్యమని. ఇల్లు బురదవుతుందని చూసుకోకు, కడుక్కుంటే పోతుంది.

తువ్వాలు మూతికి చుట్టుకుంటే చాలదా అంటావేమో. చాలదమ్మా. కంటికి కనిపించే దుమ్ముని గుడ్డ ఆపుతుంది. లోపలిదాకా పోయేది కంటికి కనిపించని ధూళి, దాన్ని ఆపలేదు. ఎన్95 మాస్కు, అదీ ముఖానికి బిగుతుగా అంటుకుని ఉండేది కావాలి. అంతకన్నా మేలు, దుమ్ము లేవకుండానే నీళ్లతో తడిపేయడం. ఇది కాంట్రాక్టరు చెయ్యాల్సిన పని. కూలీ అడిగితే కసురుతాడని భయమా? పదిమంది కలిసి అడగమను.

ఇప్పుడు బట్టల సంగతి. ఇది మాత్రం చెవి ఒగ్గి విను. 1965లో లండన్‌లో మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అని ఇద్దరు మహిళలు ఒక అధ్యయనం చేశారు. ఊపిరితిత్తుల చుట్టూ, పేగుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్ ఒకటుంది, మెసోథెలియోమా అంటారు. అది వచ్చినవాళ్లు జీవితంలో ఏమేం పనులు చేశారో, ఇంట్లో ఎవరెవరు ఎక్కడ పనిచేసేవారో వరసగా కనుక్కుంటూ పోయారు. చాలామంది రాతినారతో పనిచేసినవాళ్లే. కానీ కొందరు ఆ ఫ్యాక్టరీ గడప తొక్కనేలేదు. భర్త వేసుకొచ్చిన పని బట్టలు దులిపి, ఉతికిన ఇల్లాళ్లు వాళ్లు! మనం రోజూ చేసే పనే కదా అది? అందుకని మరిదిగారి పని బట్టలు వాకిట్లో దులపొద్దు. వీలైతే పనిచోటే మార్చుకుని, మూట కట్టి తెమ్మను. తెచ్చాక ముందు బకెట్ నీళ్లలో ముంచెయ్యి, తడిశాకే చెయ్యి పెట్టు. పిల్లల బట్టలతో కలపకు. ఆయన కూడా స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. పిల్లలు పరిగెత్తుకొస్తే ఆగమనడం కష్టమే, అయినా ఆ ఒక్క అయిదు నిమిషాలు ఓర్చుకోమని చెప్పు. పాత సిమెంటు రేకులుంటే వాటిని రంపంతో కోయించడం, బ్రష్షుతో రుద్ది కడగడం వద్దు.

బీడీ మాటా చెప్పుకోవాలి. పోట్లాటకి కాదు. అమెరికాలో రాతినారతో పనిచేసినవాళ్లని చాలాకాలం గమనించి 1979లో లెక్క చెప్పారు. రాతినారా పొగా రెండూ లేనివాళ్లతో పోలిస్తే, రాతినార ఒక్కటే ఉన్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు సుమారు 5 రెట్లు, పొగ ఒక్కటే ఉన్నవాళ్లకి 10 రెట్లకు పైగా. రెండూ ఉన్నవాళ్లకో? 50 రెట్లు దాటింది. అంటే పాత దుమ్ముని మనం బయటికి తియ్యలేకపోయినా, బీడీ మానేస్తే ముప్పు చాలావరకు తగ్గించుకోవచ్చన్నమాట. మానెయ్యడానికి సాయంగా 1800-11-2356 అని ఉచిత ఫోన్ నంబరుంది. నువ్వే కలిపి ఆయన చేతికివ్వు.

ఇక అసలు పని. ఒక నోటుబుక్కు తీసుకో. మరిదిగారు మొదటి కూలి అందుకున్న రోజు నుంచి ఇవాళ్టి దాకా ఎక్కడెక్కడ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏం పని చేశారో రాయించు. "కంపెనీలో చేశాను" అని రాస్తే కుదరదు. కోతా, పాలిషా, సంచులు నింపడమా? నీళ్లు పోసేవారా, పొడిగానే కోసేవారా? షెడ్డుకి కిటికీలున్నాయా? పక్కన పనిచేసినవాళ్లలో ఎవరికైనా ఇలాంటి దగ్గు వచ్చిందా? అన్నీ రాయి. హాజరు కార్డు, జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లయితే అకామా (అక్కడి నివాస అనుమతి కార్డు), కాంట్రాక్టు కాగితం, పాత ఎక్స్‌రేలు, ఏదీ పారెయ్యకు. నీ సంగతి కూడా వేరే పేజీలో రాసుకో. మన పని పనికాదా?

ఆ పుస్తకం రెండుచోట్ల పనికొస్తుంది. ఒకటి, డాక్టరు దగ్గర. తగ్గని దగ్గు, ఆయాసం, కళ్లెలో రక్తపు జీర, గొంతు బొంగురుపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే ఆగకు. సిలికా పీల్చినవాళ్లకి టీబీ ఎక్కువగానే వస్తుంది, కాబట్టి ఆ పరీక్ష చెయ్యాల్సిందే. కానీ కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా, మందులు వాడుతున్నా తగ్గకపోయినా, మనంతట మనం మందులు ఆపకుండా వెళ్లి, "ఈయన ఇన్నేళ్లు రాయి కోశారు, సీటీ స్కాన్ అవసరమేమో చూడండి" అని అడుగు. అడగడానికి మొహమాటమెందుకు? ఆ సంగతి తెలిస్తే డాక్టరుగారికీ మేలే. క్యాన్సర్ మొదట్లోనే దొరికితే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం ఉంటుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా ఆస్పత్రి ప్రభుత్వ వైద్యశాలలే. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు వెంట తీసుకెళ్లు.

రెండోది, పరిహారం. రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని కార్మికుల పరిహార చట్టంలో వృత్తి జబ్బుల జాబితాలో చేర్చారు. సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ కూడా అందులో ఉంది. 1995లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డుల్ని చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఆఖర్న వస్తే అంతవరకు యాజమాన్యం దాచాలంది. కాబట్టి "పాత రికార్డులు లేవు" అంటే సరేనని వెనక్కి రాకు. లాయరు ఫీజు గురించి దిగులుపడుతున్నావా? ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. గడువులుంటాయి, ఆలస్యం చెయ్యకు.

ఇవన్నీ ఒక్కరోజులో చెయ్యనక్కర్లేదు. ఇవాళ అన్నాలయ్యాక ఆయన పక్కన కూర్చుని మొదటి పేజీ రాయించు. మరిదిగారు నీకేం దాచరులే, కాస్త బతిమాలితే ఆ పాత మేస్త్రీ పేరూ, షెడ్డూ, జీతమూ అన్నీ చెప్పుకొస్తారు. ఆయనకి గుర్తురాని ఏళ్లుంటే అత్తయ్యగారిని అడుగు.