రెండు రీడింగులు, నాలుగు సూత్రాలు: ఎలక్ట్రికల్ ఉద్యోగార్థులకు ఓమ్ నియమం

వోల్టేజి, కరెంటు తెలిస్తే నిరోధం, పవర్ రెండూ తెలిసినట్టే. ఎలక్ట్రికల్ కొలువు కోరేవారికి ఈ లెక్కే పునాది. ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ ట్రేడ్ల పరీక్షలు, విద్యుత్ పంపిణీ సంస్థల జూనియర్ లైన్‌మన్ రాత పరీక్షలు, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలోని బేసిక్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ విభాగం, ట్రేడ్ పేపర్... అన్నింటికీ ఇది అవసరమే. ఉద్యోగంలో చేరాక వైరు సైజు, ఫ్యూజు, ఎంసీబీ ఎంపిక కూడా దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

మూల సూత్రాలు

ఉష్ణోగ్రత మారనంత వరకు లోహ వాహకంలో ప్రవహించే కరెంటు, దాని రెండు కొసల మధ్య ఉన్న వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది. జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం ఇది. దీని నుంచి వచ్చేవి:

నిరోధం (ఓమ్‌లు) = వోల్టేజి ÷ కరెంటు
పవర్ (వాట్లు) = వోల్టేజి × కరెంటు

ఈ రెండింటినీ కలిపితే మరో రెండు సూత్రాలు వస్తాయి:

పవర్ = కరెంటు వర్గం × నిరోధం
పవర్ = వోల్టేజి వర్గం ÷ నిరోధం

230 వోల్టుల సరఫరాపై ఒక హీటరు 5 ఆంపియర్లు తీసుకుంటే, దాని నిరోధం 46 ఓమ్‌లు, పవర్ 1150 వాట్లు. రెండు గంటలు ఆగకుండా వాడితే 2.3 యూనిట్లు కాలుతాయి. 1000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్.

మార్కులు పోయేది ఎక్కువగా ప్రమాణాల దగ్గరే. 9 వోల్టుల బ్యాటరీ నుంచి 20 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తే, ముందుగా దాన్ని 0.02 ఆంపియర్లుగా మార్చుకోవాలి. అప్పుడు నిరోధం 450 ఓమ్‌లు, పవర్ 0.18 వాట్లు.

ఏ సూత్రం ఎక్కడ?

శ్రేణి వలయంలో అన్ని భాగాల్లోనూ కరెంటు ఒకటే. అక్కడ కరెంటు వర్గం ఉన్న సూత్రం సులువు. సమాంతర వలయంలో వోల్టేజి ఒకటే కాబట్టి వోల్టేజి వర్గం ఉన్న సూత్రం పట్టుకోవాలి.

230 వోల్టులకు తయారైన 60, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుల నిరోధాలు, వెలిగే స్థితిలో, సుమారు 882, 529 ఓమ్‌లు. సమాంతరంగా కలిపితే 100 వాట్లదే ఎక్కువ వెలుగు. శ్రేణిలో కలిపితే ఒకే కరెంటు రెండింటిలోనూ పారుతుంది కనుక నిరోధం ఎక్కువున్న 60 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. పోటీ పరీక్షల్లో తరచూ కనిపించే ప్రశ్న ఇది. సూత్రం బట్టీ పట్టినవారు తడబడతారు, ఏది స్థిరమో ముందు చూసుకున్నవారు తడుముకోరు.

లో వోల్టేజి ప్రశ్నలూ ఇలాంటివే. 230 వోల్టుల, 1000 వాట్ల హీటరుకు 184 వోల్టులే అందితే వోల్టేజి తగ్గింది 20 శాతం. నిరోధం మారలేదనుకుంటే పవర్ 640 వాట్లకు, అంటే 36 శాతం పడిపోతుంది.

లైన్లలో నష్టం

2 ఓమ్‌ల నిరోధమున్న తీగలో 10 ఆంపియర్లు పారితే 20 వోల్టులు తీగలోనే పడిపోతాయి, 200 వాట్లు వేడిగా పోతాయి. కరెంటు సగమైతే నష్టం నాలుగో వంతే. విద్యుత్తును దూరాలకు హై వోల్టేజిలో పంపడానికి కారణం ఇదే. అదే పవర్‌కు వోల్టేజిని పది రెట్లు చేస్తే కరెంటు పదో వంతు అవుతుంది, అదే తీగలో నష్టం నూరో వంతుకు దిగుతుంది.

మోటారు లెక్క

హీటరు లెక్క మోటారుకు నేరుగా సరిపోదు. ఏసీ మోటారులో వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేది ఇంపిడెన్సు, నిరోధం కాదు. పవర్‌లో పవర్ ఫ్యాక్టర్‌ను కూడా చేర్చాలి. త్రీ ఫేజ్ అయితే లైన్ వోల్టేజి, లైన్ కరెంటు, పవర్ ఫ్యాక్టర్‌ల లబ్ధాన్ని 1.732తో గుణించాలి.

పొలం బావి మీద ఉండే 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారును తీసుకుంటే, ఒక హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున అవుట్‌పుట్ 3730 వాట్లు. దక్షత 85 శాతమైతే ఇన్‌పుట్ సుమారు 4388 వాట్లు. 415 వోల్టులు, 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర లైన్ కరెంటు సుమారు 7.6 ఆంపియర్లు. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే అమర్చడానికి నేమ్‌ప్లేట్ మీది కరెంటుతో పాటు ఈ అవగాహన కావాలి.

ప్రాక్టికల్స్‌లో జాగ్రత్తలు

అమ్మీటరును శ్రేణిలో, వోల్టుమీటరును సమాంతరంగా కలపాలి. అమ్మీటరు నిరోధం చాలా తక్కువ. దాన్ని నేరుగా సరఫరాకు కలిపితే విపరీతమైన కరెంటు పారి మీటరు కాలిపోతుంది, మనిషికీ ప్రమాదమే. మల్టీమీటరుతో నిరోధం కొలిచేముందు సరఫరా తప్పనిసరిగా ఆపాలి. ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు చూపే నిరోధం, వెలిగేటప్పటి నిరోధం కన్నా ఎంతో తక్కువ. కాబట్టి రీడింగు లెక్కకు సరిపోకపోయినా లెక్క తప్పినట్టు కాదు.

సాధన

ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టె, గీజరు, హీటరు నేమ్‌ప్లేట్లే మంచి అభ్యాస పుస్తకం. వాటి మీది వాట్లు, వోల్టుల నుంచి కరెంటు, నిరోధం లెక్కగట్టాలి. ఆ కరెంటును ఆ పరికరాన్ని పెట్టే సాకెట్టు సామర్థ్యంతో పోల్చాలి. 230 వోల్టుల, 2000 వాట్ల గీజరు తీసుకునేది సుమారు 8.7 ఆంపియర్లు. దానికి 6 ఆంపియర్ల సాకెట్టు ఎందుకు పనికిరాదో, 16 ఆంపియర్లది ఎందుకు కావాలో అంకెలే చెబుతాయి.